పొద్దున సిరప్ పట్టి డే కేర్‌కి పంపకండి

విశాఖలో మధురవాడ వైపు ఒక డే కేర్‌లో మొన్న మూడేళ్ల బాబుకి ఫిట్స్ వచ్చాయి. దింపినప్పుడు ఒళ్లు చల్లగానే ఉంది, కాసేపు ఆడుకున్నాడు కూడా. పన్నెండు కాకముందే ఒళ్లు కాలిపోయి కళ్లు తేలేశాడు. ఆస్పత్రిలో డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది, ఆరున్నరకి ఇంట్లో పారాసెటమాల్ సిరప్ పట్టి పంపారని. టీచరుకి ఆ ముక్క చెప్పలేదు. బాబు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ వానలు మొదలయ్యాయి, ఇక ఇంటింటా జ్వరాలే.

చేతులు కడగడం, నీళ్లు కాచడం, దోమతెర ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. డే కేర్ గుమ్మంలో పిల్లల్ని అందుకునేదాన్ని కాబట్టి ఏటా ఒకే తప్పు చూస్తాను. పొద్దున సిరప్, ఎనిమిదిన్నరకి డే కేర్.

సిరప్ జ్వరాన్ని దించుతుంది, జబ్బుని కాదు. దాని పని నాలుగు నుంచి ఆరు గంటలు. ఆ తర్వాత జ్వరం మళ్లీ ఎక్కుతుంది. అప్పటికి అమ్మ ఋషికొండలో మీటింగులో ఉంటుంది, నాన్న గాజువాక అవతల డ్యూటీలో ఉంటాడు, పిల్ల ఇంకో పదిమందికి అంటించేసి ఉంటుంది. ఇంట్లో మందు పట్టారని తెలియక, మీరే సంచిలో పెట్టిన సీసా తీసి ఆయా ఇంకో మోతాదు పట్టేయవచ్చు. పైగా సీసాలన్నీ ఒకటి కావు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేవి ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. పాత మూతతోనే కొలిస్తే మందు రెట్టింపు. మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి డాక్టరుతో రాయించుకోండి.

100.4 దాటితే ఇంట్లోనే. చెయ్యి నుదుటి మీద పెట్టి లెక్క కట్టొద్దు, థర్మామీటరు కొనండి. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి. మందు లేకుండా! రాత్రి పదింటికి పట్టి, పొద్దున్నే చల్లగా ఉందంటే లెక్కలోకి రాదు.

డెంగీకి మాత్రం ఈ లెక్క చాలదు. అందులో జ్వరం తగ్గాకే అసలు గండం, ఎక్కువగా జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. జ్వరం దిగినా కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే డే కేర్ మాట మరిచిపోయి ఆస్పత్రికి పరిగెత్తండి. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ అనే ఇంకో జ్వరం మందు జోలికి పోవద్దు.

వాంతులు, విరేచనాలు ఆగాక కనీసం ఒక రోజు గడవాలి. ముక్కు కారుతున్నా తింటూ, ఆడుతూ ఉంటే పంపండి, ప్రతి జలుబుకీ ఆపితే వానాకాలమంతా ఇంట్లోనే. పేలున్నాయని మానిపించక్కర్లేదు.

అమ్మవారు పోస్తే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఇల్లే.

తట్టు అయితే ఒంటి మీద దద్దు కనిపించాక నాలుగు రోజులు.

నోట్లో, అరచేతుల్లో, పాదాల్లో పొక్కులుంటే జ్వరం పోవాలి, పొక్కులు ఎండాలి.

కళ్లలో పుసి కారుతుంటే పంపొద్దు.

ఐదేళ్ల లోపు పిల్లలకి దగ్గు సిరప్ మీ అంతట మీరు పట్టొద్దు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయారు, గుర్తుందిగా.

పక్కింటి పిల్లకి రాసిన మందు వద్దు.

ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

సెలవు ఎవరు పెడతారో ఈ రాత్రే తేల్చుకోండి. శ్రీకాకుళం నుంచి అమ్మమ్మ బయల్దేరి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఆ పూట మీలో ఒకరు ఇంట్లో ఉండాల్సిందే.

సిరప్ పట్టి పంపకండి. పట్టాక పంపక తప్పదంటారా? తప్పుతుంది, పంపకండి.

రాత్రి ఇంకే మందు వేసినా, ఎన్నింటికి, ఎంత అన్నది కాగితం మీద రాసి టీచరు చేతికివ్వండి.

టీచరు ఫోన్ చేస్తే "సాయంత్రం దాకా చూడండమ్మా" అనకండి, వచ్చి తీసుకెళ్లండి.

ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.