ముందు క్రాప్, ఫిల్టర్ల సంగతి తర్వాత

పిల్లలకి ఫోన్‌లో ఫోటో ఎడిటింగ్ నేర్పిద్దామని కూర్చుంటే వాళ్ల వేళ్లు ముందు పోయేది ఫిల్టర్ల మీదకే. మొదటి క్లాసులో వాటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పేయండి. ఫ్రేములో ఏది ఉండాలి, ఏది అక్కర్లేదు, ఉన్నది ఎక్కడుండాలి, కంపోజిషన్ అంటే ఇదే. స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్‌లో క్రాప్ (అంచులు కోయడం), రొటేట్ (ఫోటోని తిప్పడం) వస్తే సగం పని అయిపోయినట్టే.

క్రాప్ ఎంత మార్చేస్తుందో నమ్మాలంటే క్యూబా విప్లవ నాయకుడు చే గువేరా ఫోటో చూపించండి. 1960 మార్చిలో హవానాలో ఫోటోగ్రాఫర్ అల్బెర్టో కోర్డా తీసిన అసలు ఫ్రేము అడ్డంగా ఉంటుంది, ఒక పక్క ఇంకొకాయన ముఖం, రెండో పక్క తాటాకుల్లాంటి ఆకులు. ఆ రెండూ తీసేస్తేనే టీషర్టుల మీద కనిపించే ముఖం మిగిలింది. ముందు అసలుది చూపించి, మీరైతే ఏం తీసేస్తారని అడగండి, క్లాసు గోలగోల అయిపోతుంది.

ఇక అందరికీ ఒకే ఫోటో ఇవ్వండి. హుస్సేన్‌సాగర్ బుద్ధుడిది ఎవరో ఒకరి ఫోన్‌లో ఉండనే ఉంటుంది: విగ్రహం నట్టనడుమ చిన్నగా, పైన బోలెడు ఖాళీ ఆకాశం, కింద రెయిలింగు, నీటి అంచు ఓ పక్కకి వాలిపోయి. ముందు రొటేట్‌తో నీటి అంచు సమం చేయించండి. తిప్పితే అంచులు కాస్త తెగుతాయి, కాబట్టి తీసేటప్పుడే చుట్టూ కొంచెం జాగా వదలమనండి. తర్వాత క్రాప్‌లో కనిపించే గీతల్లో ఒక నిలువు గీత మీదకి విగ్రహం, కింది అడ్డగీత దగ్గరికి నీటి అంచు వచ్చేలా జరపాలి, పడవ ఉంటే అది వెళ్లే వైపు ఖాళీ ఎక్కువ ఉంచాలి. ఎవరైనా నడుమే బాగుందంటే కాదనకండి, ఎందుకో చెప్పమనండి.

మనుషుల ఫోటోలు మోకాళ్లు, మోచేతులు, మణికట్టు దగ్గర కోయొద్దు. తొడ సగంలో కోస్తే పర్లేదు.

చార్మినార్‌ని కింద నుంచి తీస్తే మినార్లు లోపలికి వాలినట్టు కనిపిస్తాయి, ఆ వాలు సరిచేయడానికి యాప్‌లో పర్‌స్పెక్టివ్ అనే టూల్ ఉంది. మరీ నిటారుగా లాగితే పైభాగం సాగిపోయి వికారంగా ఉంటుంది, కొంచెం వాలు ఉంచడమే నయం.

క్రాప్‌కీ హద్దుంది. 12 మెగాపిక్సెల్ ఫోటోలో వెడల్పూ ఎత్తూ సగం చేస్తే మిగిలేది 3 మెగాపిక్సెల్లే. ఫోన్‌లో చూడటానికి చాలు గానీ నోటీసు బోర్డుకి పెద్ద ప్రింటు వేస్తే మసకగా వస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే మీ దాకా వచ్చేసరికే సైజు తగ్గిపోతుంది.

చివరికి వెలుతురు. కన్ను ముందు తెల్లగా మెరిసే చోటికే పోతుంది. మూలన తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఉంటే ఒక్క చోటునే మార్చే సెలెక్టివ్ టూల్‌లో దాని మీద తాకి, వేలు ఎడమకి జరిపి బ్రైట్‌నెస్ తగ్గిస్తే సరిపోతుంది. అక్కర్లేనిది చెరిపేసే హీలింగ్ టూల్‌తో కుర్చీనే మాయం చేయొచ్చు, కానీ స్కూలు పత్రికలో వార్తగా వేసే ఫోటోకి మాత్రం అది చేయనివ్వకండి. సేవ్ చేసేటప్పుడు కాపీగా చేయమనండి, అసలుది అలాగే ఉంటుంది, నచ్చకపోతే మళ్లీ మొదటినుంచి కోసుకోవచ్చు.