చైనీయుల నోట ఇంగ్లీషు 'సౌత్': ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

సాయంత్రాలు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతుంటాను. క్లాసులో ఎక్కువమందికి మాతృభాష మాండరిన్. సౌత్ అనే చిన్న మాట దగ్గర వాళ్ళు మళ్ళీ మళ్ళీ తడబడటం చూశాక, ఒక్కో తప్పు వెనక కారణం వెతకడం మొదలుపెట్టాను. దాదాపు ప్రతిసారీ అది వాళ్ళ భాషలోనే దొరికింది. ఆ కారణం పట్టుకోకుండా ఎర్ర ఇంకుతో ఎన్నిసార్లు దిద్దినా వారం తిరిగేసరికి అదే తప్పు మళ్ళీ వస్తుంది. చైనీయులకు ఇంగ్లీషు నేర్పే మనవాళ్ళకి, వాళ్ళతో కలిసి పనిచేసే మనవాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

సమస్య 1: 'ఈస్ట్‌సౌత్' అంటున్నారు

తియాన్‌జిన్ నగరం బీజింగ్‌కి ఎటు ఉందని అడిగితే "ఈస్ట్‌సౌత్" అన్న జవాబు వస్తుంది. దిక్కు సరిగ్గానే తెలుసు, మాటే తిరగబడింది.

కారణం: మాండరిన్‌లో తూర్పు దోంగ్, దక్షిణం నాన్, పడమర షీ, ఉత్తరం బెయ్. మూలల పేర్లలో ఎప్పుడూ తూర్పు పడమరలే ముందు వస్తాయి. ఆగ్నేయం దోంగ్‌నాన్, నైరుతి షీనాన్, ఈశాన్యం దోంగ్‌బెయ్, వాయవ్యం షీబెయ్. ఇంగ్లీషులో ఉత్తర దక్షిణాలు ముందు. తెలుగులో మూలలకు విడిగా పేర్లున్నాయి కాబట్టి మనకి ఈ తిరగబాటు రాదు. అందుకే మన టీచర్లకు ఇది అజాగ్రత్తలా కనిపిస్తుంది. కానే కాదు. చిన్నప్పటి నుంచి నోట్లో పాతుకుపోయిన వరస అది.

అర్థమైందిలే అని వదిలేయకండి. దిక్సూచి మీద ఈస్ట్-సౌత్‌ఈస్ట్ అనే దిక్కు నిజంగానే ఉంది. సౌత్‌ఈస్ట్ 135 డిగ్రీల దగ్గర ఉంటే అది 112.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. వినేవాళ్ళు అదే అనుకునే అవకాశం ఉంది.

పరిష్కారం: సూత్రం కంటే వేలు బాగా పనిచేస్తుంది. కాగితం మీద నాలుగు దిక్కులూ గీసి, మధ్యలో వేలు పెట్టించండి. ముందు నిలువుగా కదపాలి, తర్వాత అడ్డంగా. వేలు కిందికి జరుగుతుండగా "సౌత్", కుడికి తిరుగుతుండగా "ఈస్ట్". నాలుగు మూలలూ పదేసిసార్లు చేయిస్తే నోరు వేలి వెంట వెళుతుంది. ఆ పైన, వాళ్ళకి బాగా తెలిసిన పేరొకటి కొండగుర్తుగా ఇవ్వండి. ఆగ్నేయాసియాని వాళ్ళు దోంగ్‌నాన్‌యా అంటారు, ఇంగ్లీషులో సౌత్‌ఈస్ట్ ఏషియా. తడబడినప్పుడు ఆ పేరు తలుచుకుంటే చాలు.

సమస్య 2: 'వి వెంట్ టు సౌత్'

మాండరిన్‌లో "వాంగ్ నాన్ త్సౌ" అంటే దక్షిణం వైపు వెళ్ళు అని. ఆ 'వాంగ్' అనే మాటే ఇంగ్లీషులోకి వచ్చి 'టు' అయి కూర్చుంటుంది. మన విద్యార్థులూ ఇదే తప్పు చేస్తారు, 'దక్షిణానికి' అనేదాంట్లోని 'కి' వల్ల. గో హోమ్ అనడం వాళ్ళకి ముందే వచ్చు కదా, దాని పక్కనే గో సౌత్ రాయించండి. హోమ్ ముందు టు లేదు, సౌత్ ముందూ లేదు. దక్షిణ ప్రాంతానికి వెళ్ళామని చెప్పాలంటే మాత్రం టు ద సౌత్. అక్కడ 'ద' తప్పనిసరి.

డౌన్ సౌత్, అప్ నార్త్ వాళ్ళకి సులువుగా వచ్చేస్తాయి. దక్షిణానికి వెళ్ళడాన్ని నాన్‌ష్యా అంటారు, ష్యా అంటే కిందికి. ఉత్తరానికైతే బెయ్‌షాంగ్, షాంగ్ అంటే పైకి.

సమస్య 3: లోపలా, బయటా?

నన్ను ఎక్కువకాలం వేధించింది ఇదే. వియత్నాం గురించి రాస్తూ "ఇన్ ద సౌత్ ఆఫ్ చైనా" అని రాస్తారు. అంటే వియత్నాం చైనాలో భాగమైపోయింది! మరోవైపు హైనాన్ దీవి గురించి "టు ద సౌత్ ఆఫ్ చైనా" అంటారు, అప్పుడది చైనా బయటికి పోయింది.

కారణం: మాండరిన్‌లో నాన్‌బియన్ అనే మామూలు మాట లోపలి దక్షిణానికీ, బయటి దక్షిణానికీ సరిపోతుంది. నాన్‌బూ అంటే లోపలి భాగమే, ఈనాన్ అంటే దాని హద్దు దాటాక వచ్చేదే. మాట్లాడేటప్పుడు నోటికి వచ్చేది మాత్రం నాన్‌బియనే. ఇంగ్లీషు ప్రతిసారీ తేల్చి చెప్పమంటుంది.

తెలుగు టీచరుకి ఇది చిటికెలో అర్థమవుతుంది. తమిళనాడు భారతదేశంలో దక్షిణాన ఉంది, శ్రీలంక భారతదేశానికి దక్షిణాన ఉంది. మన 'లో' ఇంగ్లీషు ఇన్, మన 'కి' ఇంగ్లీషు టు. కానీ చైనీస్ విద్యార్థికి ఈ కిటుకు చెప్పి లాభం లేదు కదా. వాళ్ళ ఊళ్ళ పేర్లలోంచే చెప్పాలి.

పరిష్కారం: హునాన్ నుంచి వచ్చిన ఒకావిడని వాళ్ళ రాష్ట్రం పేరుకి అర్థం అడిగాను. "సరస్సుకి దక్షిణం" అంది. దోంగ్‌తింగ్ అనే పెద్ద సరస్సు అది. "మరి హునాన్ సరస్సు లోపల ఉందా?" అన్నాను. ఒక్క క్షణం ఆగి, నోట్‌బుక్‌లో తను రాసుకున్న 'ఇన్' కొట్టేసి "సౌత్ ఆఫ్ ద లేక్" అని రాసింది. హెనాన్ అంటే పసుపు నదికి దక్షిణం, యునాన్ అంటే మేఘాలకు దక్షిణం. ఈ మూడూ బయటి దక్షిణాలే. ఇవి పట్టుకుంటే సౌత్ ఆఫ్, టు ద సౌత్ ఆఫ్ రెండూ కుదురుకుంటాయి. దూరం చెప్పేటప్పుడు పొట్టి రూపమే బాగుంటుందని నేర్పండి: "థర్టీ కిలోమీటర్స్ సౌత్ ఆఫ్ ద సిటీ".

హద్దు తగిలి ఉంటే 'ఆన్' వాడాలని చాలామంది నేర్చుకుని వస్తారు. వ్యాకరణపరంగా తప్పు కాదు, కానీ "ఆన్ ద సౌత్ ఆఫ్" బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. హద్దు తగిలినా తగలకపోయినా టు ద సౌత్ ఆఫ్ చాలని చెప్పి నేనైతే ఆ టెన్షన్ తీసేస్తాను.

సమస్య 4: 'సౌస్' అని వినిపిస్తోంది

సౌత్ చివర వచ్చే 'th' శబ్దం మాండరిన్‌లో లేదు. పైగా మాట చివర ముక్కుతో పలికే హల్లులు, అక్కడక్కడా 'ర్' తప్ప వేరే హల్లు రాదు. దాంతో సౌస్ అనో, చివర అచ్చు చేర్చి సౌసి అనో అంటారు. మనం మరో రకంగా తప్పుతాం, 'త్' అని గట్టిగా ఆపేస్తాం.

ఇద్దరి దగ్గరా సగం సగం సరిగ్గానే ఉంది. మన నాలుక పళ్ళకు తగులుతుంది కానీ గాలి ఆగిపోతుంది. వాళ్ళ గాలి ఆగకుండా సాగుతుంది కానీ నాలుక పళ్ళ వెనకే ఉండిపోతుంది. నాలుక కొసని పై పళ్ళ అంచున ఆనీ ఆననట్టు ఉంచి గాలి వదలమనండి. నాలుక కొస కనిపిస్తోందో లేదో అద్దంలో చూసుకోమనండి.

సదర్న్ అనే రూపాన్ని విడిగా నేర్పాలి. 'సౌ' కాస్తా 'స' అయిపోతుంది, 'th' పలికేటప్పుడు గొంతు కూడా కలుస్తుంది. రాసింది చూసి 'సౌదర్న్' అనేవాళ్ళు మనలోనూ చాలామంది.

సమస్య 5: సౌత్ ఆఫ్రికానా, సదర్న్ ఆఫ్రికానా?

మొదటిది దేశం, రెండోది ఆ దేశంతో పాటు చుట్టుపక్కల దేశాలూ కలిసిన ప్రాంతం. చైనీస్‌లోనూ ఈ తేడా ఉంది: దేశం నాన్‌ఫెయ్, ప్రాంతం చెప్పాలంటే నాన్‌బూ కలుపుతారు. నాన్‌బూ అనిపించిన చోట సదర్న్ వాడమంటే సాధారణంగా సరిపోతుంది. చైనీస్ లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనేవి లేవు కాబట్టి, ప్రాంతం పేరైతే పెద్ద అక్షరం, వట్టి దిక్కైతే చిన్న అక్షరం అని కొన్నాళ్ళు గుర్తుచేస్తూనే ఉండాలి.

సమస్య 6: 'ద డీల్ వెంట్ సౌత్' అర్థం కాలేదు

ఒక విద్యార్థి తనకొచ్చిన ఆఫీసు మెయిల్ చూపించి, "ఈ డీల్ దక్షిణాది బ్రాంచికి బదిలీ అయిందా?" అని అడిగాడు. నిజానికి ఆ బేరం చెడిపోయింది.

కారణం చాలా లోతైనది. చైనాలో దక్షిణం మంచి దిక్కు. చక్రవర్తి దక్షిణ ముఖంగా కూర్చునేవాడు. బీజింగ్‌లోని పాత రాజప్రాసాదానికి ప్రధాన ద్వారం దక్షిణానే ఉంది. ఇల్లు దక్షిణ ముఖంగా ఉంటే ఎండ వస్తుందని ఇప్పటికీ ఇష్టపడతారు. దిక్సూచిని వాళ్ళు పిలిచేదే 'దక్షిణం చూపే సూది' అని. అలాంటి దిక్కుకి చెడిపోవడమనే అర్థం వాళ్ళ ఊహకి అందదు. దక్షిణం అంటే యముడి దిక్కని విని పెరిగిన మనకి అది అంత వింతగా తోచదు.

పరిష్కారం: కర్త ఎవరో చూడమనండి. మనిషో, రైలో, పక్షో సౌత్ వెళితే అది దిక్కు. బేరం, చర్చలు, షేరు ధరలు లాంటివి సౌత్ వెళితే అవి చెడినట్టు. మా క్లాసులో పది వాక్యాలు కలగలిపి ఇచ్చి రెండు కుప్పలు చేయించాను. ఆ మెయిల్ తెచ్చిన అతను తొమ్మిది సరిగ్గా పెట్టాడు. పదోది "అవర్ ట్రిప్ వెంట్ సౌత్". అది దిక్కో, చెడిపోవడమో తేల్చుకోలేక కాగితం చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముందూ వెనకా వాక్యాలు లేకపోతే నేనూ తేల్చలేనని చెప్పాను.