వానలు పడకముందే పెళ్లి క్యాసెట్ల పని మొదలుపెట్టండి

మృగశిర కార్తె రాకముందే ఈ మాట చెప్పాలనుకున్నాను. ఇంట్లో పాత వీడియో క్యాసెట్లు ఉన్నవాళ్లు వాటిని డిజిటల్‌లోకి ఎక్కించే పని ఎండాకాలంలోనే మొదలుపెట్టండి. ముసురు పట్టిందంటే అటక మీదా, బీరువాలోనూ తేమ రోజుల తరబడి 65 శాతం పైనే ఉంటుంది, టేపుకి బూజు పట్టడానికి అది చాలు. సముద్రానికి దగ్గర ఊళ్లలో అయితే చెప్పనే అక్కర్లేదు. అయితే నా ఉద్దేశంలో బూజు కంటే పెద్ద ప్రమాదం తొందర. అటక మీంచి దించిన క్యాసెట్‌ని దుమ్ము దులిపి, "అసలు ఆడుతుందో లేదో చూద్దాం" అని ఏళ్ల తరబడి మూలన పడున్న వీసీఆర్‌లో తోసేస్తారు చూడండి, దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

అది ఎందుకు ప్రమాదమో తెలియాలంటే వీడియో టేపు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. బొమ్మకి పాట కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సమాచారం కావాలి, ఆడియో టేపులాగా హెడ్‌ని (టేపు మీద రాసే, చదివే భాగం) ఒకచోట పెట్టి టేపుని పరిగెత్తిస్తే రీళ్లకి రీళ్లు నిమిషాల్లో అయిపోతాయి. అందుకే 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ హెడ్‌లనే గిరగిరా తిప్పే పద్ధతి తెచ్చింది, అప్పటి టేపు రెండంగుళాల వెడల్పు, మెషీన్లు టీవీ స్టేషన్లకే పరిమితం. ఇళ్లకి చేరింది అరంగుళం టేపుతో, 1975లో సోనీ బీటామ్యాక్స్, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్. మన దగ్గర వాడిన పాల్ (మన టీవీ పద్ధతి) వీహెచ్‌ఎస్‌లో టేపు సెకనుకి 2.3 సెంటీమీటర్లే నడుస్తుంది, కానీ అది చుట్టుకుని ఉన్న, హెడ్‌లు బిగించిన డ్రమ్ నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. హెడ్ టేపు మీద బొమ్మని రాసే ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం. అంత వేగంగా తిరిగే హెడ్ టేపుని రాసుకుంటూ పోతున్నప్పుడు మధ్యలో బూజు గానీ, జిగురు గానీ, ఇసుక రేణువు గానీ వస్తే హెడ్ మూసుకుపోతుంది, టేపు గీసుకుపోతుంది, ఖర్మ కాలితే నలిగి లోపలే చుట్టుకుంటుంది. నలిగిన చోట తాళి కట్టే ఘట్టం ఉండొచ్చు, అది మళ్లీ రాదు.

ఇంకో సంగతి, మెషీన్లు ఇక తయారవడం లేదు. చివరి వరకు వీసీఆర్‌లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది, అదే ఏడాది మార్చిలో సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్లు కూడా ఆపింది. టేపుల్లో ఉన్నదంతా 2025 లోపు డిజిటల్ చేసుకోకపోతే చాలా భాగం పోతుందని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది. ఆ గడువు కూడా వచ్చి వెళ్లింది.

ముందు మీ దగ్గర ఏమున్నాయో విడదీసి పెట్టుకోండి. 1982 ఏషియాడ్ టైమ్‌లో కలర్ టీవీ వచ్చాక మన ఇళ్లలోకి వచ్చిన పెద్ద నల్ల క్యాసెట్లు దాదాపు అన్నీ వీహెచ్‌ఎస్సే. అరచేతిలో ఇమిడేవి 8 ఎంఎం లేదా హై8. ఇంకా చిన్నవి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండేవి, మినీ డీవీ. ఈ మినీ డీవీలు కొత్తవి కదా, తర్వాత చూద్దాంలే అనుకుంటారు. నేనైతే వాటినే ముందు చేయమంటాను. 1995లో వచ్చిన ఆ డిజిటల్ పద్ధతిలో గీత వెడల్పు 10 మైక్రాన్లే. వీహెచ్‌ఎస్ పాడైతే బొమ్మ మీద చుక్కలు పడతాయి, ఇది పాడైతే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, లేదా మొత్తం పోతుంది. పైగా అది ఆడాలంటే సాధారణంగా పని చేసే కెమెరానే కావాలి.

ఇక పరీక్ష. వెలుతురు బాగా ఉన్న చోట, మాస్క్ పెట్టుకుని, పిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు దగ్గర లేకుండా చూసుకుని క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచు చూడండి. నున్నగా, నల్లగా ఉంటే మంచిది. తెల్లటి చుక్కలు, బూడిద రంగు నూగు, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది బూజే. దాన్ని మెషీన్‌లో పెట్టకూడదు, మిగతా వాటితో కలిపి కూడా పెట్టకూడదు, ఎందుకంటే ఒక్క బూజు క్యాసెట్ ఆడిస్తే ఆ హెడ్ నుంచి తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది. అలాంటివాటిని విడిగా, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచి శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. మనకి ఏది తడిసినా ఎండలో పెట్టే అలవాటు, దీన్ని మాత్రం పెట్టొద్దు. మే నెల ఎండకి ప్లాస్టిక్ వంగుతుంది, టేపు సాగుతుంది. కారు డాష్‌బోర్డు మీద వదిలేసినా అంతే. కలరా ఉండలు కూడా వద్దు, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది.

వీహెచ్‌ఎస్ వెనక అంచు మీద ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, అది ఇంకా ఉంటే విరిచేయండి. అది లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ కాదు. మినీ డీవీకి అయితే చిన్న స్లైడ్ ఉంటుంది, దాన్ని సేవ్ వైపు జరపండి.

వీసీఆర్ దొరికాక (చుట్టాల ఇంట్లోనో, పాత సామాన్ల దుకాణంలోనో ఇంకా దొరుకుతున్నాయి) దాన్ని తెలిసిన మెకానిక్ చేత హెడ్ శుభ్రం చేయించి, రబ్బరు బెల్టులు చూపించండి. సొంతంగా చేసేటట్టయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు ఊడని గుడ్డ వాడండి. గుడ్డని డ్రమ్‌కి ఆనించి పట్టుకుని డ్రమ్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి, కింద నుంచి పైకి రుద్దితే హెడ్ విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు అస్సలు వద్దు. తర్వాత పోయినా బాధ లేని పాత సినిమా క్యాసెట్ ఒకటి పెట్టి పావుగంట ఆడించి, బయటికి తీసి, మూత ఎత్తి టేపు మీద ముడతలు పడ్డాయేమో చూడండి. మంచి క్యాసెట్లు ఏసీ గదిలో ఉండి ఉంటే వెంటనే పెట్టకండి. చల్లటి టేపు మీద ఉక్కగాలి తగిలితే చెమ్మ పడుతుంది, చెమ్మ ఉన్న టేపు డ్రమ్‌కి అతుక్కుంటుంది. పూట ఆగితే పోయేదేమీ లేదు.

ముఖ్యమైనది ఇక్కడే ఉంది. మీ పెళ్లి క్యాసెట్ పెట్టిన మొదటిసారే రికార్డు అవుతూ ఉండాలి. పాడవుతున్న టేపుకి మొదటి ఆటే ఆఖరిది కావచ్చు, కాబట్టి కంప్యూటర్, వైర్లు, హార్డ్ డిస్క్ అన్నీ ఆ సినిమా క్యాసెట్‌తోనే సరిచూసుకుని, అంతా కుదిరాకే అసలుది పెట్టండి. వీసీఆర్ బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే చవక యూఎస్‌బీ పరికరాలతో పని జరుగుతుంది, కానీ గంట దాటేసరికి మాటకీ పెదవులకీ పొంతన తప్పడం వాటిలో మామూలు. పాత డీవీడీ రికార్డర్ ఉంటే వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో పెట్టి చూడండి, చాలా మోడళ్లలో వణికే బొమ్మ కుదురుకుంటుంది. సెట్టింగ్ పాల్, 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికా నుంచి అన్నయ్యో బాబాయో పంపిన క్యాసెట్ అయితే అది అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, దానికి ఆ సెట్టింగూ, అది ఆడే వీసీఆరూ కావాలి. డీవీ అనే, ఎక్కువ కుదించని ఫైలుగా తీస్తే గంటకి దాదాపు 13 జీబీ, మూడు గంటల క్యాసెట్‌కి 40 జీబీ పెట్టుకోండి. అది అసలు కాపీ, ఫోన్లో చూడ్డానికి దాన్నుంచి చిన్న ఎంపీ4 వేరుగా చేసుకోవచ్చు. మినీ డీవీకి మాత్రం పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు వాడొద్దు, కెమెరాని నేరుగా కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ తీగతో తీస్తే టేపులో ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

షాపుకి ఇచ్చేవాళ్లు అన్నీ ఒకేసారి ఇవ్వకండి, అంత ముఖ్యం కాని ఒకటి ఇచ్చి పనితనం చూడండి. డీవీడీ కాదు, ఫైలు కావాలని ముందే చెప్పండి, డీవీడీలో వేసేటప్పుడు బొమ్మని బాగా కుదించేస్తారు. క్యాసెట్లకి నంబర్లు వేసి ఫొటో తీసుకోండి, అసలు క్యాసెట్లు వెనక్కి తీసుకోండి, పారేయకండి, రేపు ఇంకా మంచి మెషీన్‌తో మళ్లీ తీసే అవకాశం ఉంటుంది.

వరద సంగతి కూడా చెప్పాలి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని ఇళ్లు మునిగాయో చూశాం. క్యాసెట్లు కింది అరలో ఉంటే ఇప్పుడే పైకి మార్చండి, రీలు మొత్తం ఒకవైపు చుట్టి, పుస్తకాల్లా నిలువుగా, స్పీకర్లకీ స్టెబిలైజర్‌కీ దూరంగా. ఎప్పుడైనా బురద నీళ్లలో పడితే ఆ బురద ఎండిపోనివ్వకుండా శుభ్రమైన చల్లటి నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకుండా వీలైనంత త్వరగా నిపుణులకి చేర్చండి. తడిసింది ఆరినట్టు కనిపించినా మెషీన్‌లో పెట్టకండి.

ఫైళ్లు వచ్చాక రెండు హార్డ్ డిస్కుల్లో వేసి ఒకటి వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంచండి, ఏడాదికోసారి తెరిచి చూడమనండి. యూట్యూబ్‌లో పెట్టాం కదా అని ధీమా వద్దు, ఆ రోజుల్లో పెళ్లి వీడియోలకి సినిమా పాటలు కలిపేవాళ్లు, కాపీరైట్ కింద శబ్దం తీసేయొచ్చు, వీడియోనే ఆపేయొచ్చు. ఫైలు పేరులో ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏ సంవత్సరం రాయండి, అందులో ఉన్న పెద్దవాళ్ల పేర్లు అమ్మమ్మనో పెదనాన్ననో అడిగి ఏ నిమిషంలో ఎవరు కనిపిస్తారో ఒక కాగితం మీద రాసి, దాని ఫొటో కూడా అదే ఫోల్డర్‌లో వేయండి.