రేడియోలో చదివే కథ ఎట్ల రాయాలంటే

మన సీమలో కథలు రాసేవాళ్ళకి కొదవ లేదు గానీ రేడియోకి ఒక కథ పంపండి అంటే చానామంది చేసే పని ఒకటే, ఎప్పుడో పత్రికకని రాసిపెట్టుకున్న కథ బయటికి తీసి నాలుగు పేరాలు కొట్టేసి టైముకి సరిపెట్టి పంపేస్తారు. దాంతో ఏమైతాదంటే పెద్ద పత్రిక కథ కాస్తా చిన్న పత్రిక కథ అయితాది, అంతే. పత్రిక చదివేటాయన అర్థం కాకుంటే రెండు లైన్లు పైకి పోయి మళ్ళీ చదువుకుంటాడు. వినేవాళ్ళకి ఆ వీలు లేదు, పైగా వాళ్ళేమీ చేతులు కట్టుకుని కూర్చుని వినరు, ఒకామె చెనక్కాయలు ఒలుస్తా వింటాంటాది, ఒకాయన మెకానిక్ షాపులో స్పానర్ పట్టుకుని వింటాంటాడు, మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తాది, గిరాకీ వస్తాది, లేసిపోతారు, మళ్ళీ వస్తారు. అట్ల పోయొచ్చిన మనిషికి కూడా కథ మళ్ళీ చేతికి దొరకాల.

అందుకే నేను చెప్పే పద్ధతి ఏంటంటే కథని ముందు నోటితో చెప్పి తర్వాత కాయితం మీద పెట్టడం. ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పండి, గోడకి చెప్పొద్దు, గోడకి చెప్తే ఉపన్యాసం అయిపోతాది. మనిషి ఉంటే మొహం చూసి మీరే వేగం తగ్గిస్తారు, 'అదే, ఇందాక చెప్పినానే ఆ ముసలాయన' అని మీకు తెలీకుండానే గుర్తు చేస్తారు. ఆ రికార్డింగ్ విని అట్లనే రాసుకోండి. ఊతపదాలు, తడబాట్లు తర్వాత తీసేయొచ్చు గానీ ఆ గుర్తు చేసే మాటలు మాత్రం తీసేయొద్దు, పత్రిక కథలో అవి అనవసరం, రేడియోలో అవే ఆధారం.

ఇక వాక్యం సంగతి, అసలు కష్టం ఇక్కడే ఉంది. తెలుగులో క్రియ చివరికి వస్తాది కదా, మనం రాసేటప్పుడు ముందర విశేషణాలు పేర్చుకుంటా పోతాం, వినేవాళ్ళు అవన్నీ మోసుకుంటా చివరి దాకా రావాల. ఈ వాక్యం చూడండి:

'పట్టు ధరలు పెరిగి మగ్గం ఆగిపోయి అప్పులు తీర్చలేక మూడేళ్ళ కిందట బెంగళూరుకు వలసపోయి అక్కడ ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా పనిచేస్తున్న నాగమునెయ్య తన తమ్ముడి కూతురి పెళ్ళికని ధర్మవరం స్టేషన్లో దిగాడు.'

కాయితం మీద దీనికి వంక పెట్టేదేం లేదు. పైకి చదివి చూడండి, నాగమునెయ్య అనే పేరు వచ్చేసరికి చదివేవాళ్ళకి ఊపిరి అయిపోయి ఉంటాది, వినేవాళ్ళకి ఇవన్నీ ఎవరి గురించో తెలీక ఓపిక అయిపోయి ఉంటాది. ఇదే సంగతి నోటితో చెప్తే ఇట్ల వస్తాది:

'నాగమునెయ్య ధర్మవరం స్టేషన్లో దిగినాడు. దిగి అటూ ఇటూ చూసినాడు. ఎవరూ రాల్యా. మూడేండ్లైంది ఊరిడిసి. మగ్గం ఆగిపోయినంక బెంగళూరు పోయి వాచ్‌మన్‌గా చేరినాడు. ఇప్పుడు తమ్ముని కూతురి పెండ్లి. పెండ్లికి పిలిచినారు గానీ, స్టేషన్‌కి మాత్రం ఎవరూ రాల్యా.'

మనిషి ముందు, స్థలం ముందు, ఆయన చరిత్ర తర్వాత. 'ఎవరూ రాల్యా' రెండుసార్లు వచ్చింది, రెండోసారికి దాంట్లో ఇంకో అర్థం చేరింది. పత్రిక ఎడిటర్ అయితే ఒకటి కొట్టేస్తాడేమో, మీరు కొట్టొద్దు.

మన అవ్వలు కథ చెప్పే తీరు గుర్తు తెచ్చుకోండి. 'రాజు ఏటకి పోయినాడు. పోతాపోతా ఉంటే దావలో ఒక బాయి కనపడింది. బాయి కనపడితే నీళ్ళు తాగుదామని దిగినాడు. దిగేసరికి లోపల ఎవరో ఏడుస్తాండారు.' ప్రతి వాక్యమూ ముందు వాక్యం తోకని పట్టుకుని లేస్తాది. ఇది ఏదో పాతకాలపు అలవాటు అనుకుని రాసేటప్పుడు మనం వదిలేసినాం గానీ చదువు రానోళ్ళ నడుమ, కేవలం చెవుల మీద నడిచిన కథలకి ఇదే ఇంజను. వెనకబడినోళ్ళు అందుకోవడానికి ఒక క్షణం ఇస్తాది, అప్పుడే వచ్చినోళ్ళకి ఎక్కడున్నామో చెప్తాది. ఐతే మోతాదు ఉంది దీనికి, ప్రతి వాక్యానికీ వాడితే పిల్లల కథ అయిపోతాది, అందుకే స్థలం మారినప్పుడు, ఏదో జరగబోతాంది అన్నప్పుడు మాత్రం వాడుకోండి. అట్లనే 'వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, తుండు దులిపి' అని నాలుగైదు పనులు ఒక దారానికి గుచ్చడం కూడా మూడు దాటనీయొద్దు, నాలుగో దానికి మొదటిది మర్చిపోతాం.

సంభాషణలో ఇంకో చిక్కు. ''నువ్వు రాకుంటే ఏం పెండ్లి ఆగిపోతాదా' అని అన్నాడు పుల్లయ్య' అని రాస్తాం, కాయితం మీద కోట్స్ కనపడతాయి, రేడియోలో కోట్స్ ఎవరికి కనపడతాయి? మాట అంతా అయిపోయినాక ఎవరన్నారో తెలిస్తే లాభం లేదు. పేరు ముందే చెప్పేయండి, లేదంటే ఆ మనిషి ఏదో పని చేస్తున్నట్టు ఒక చిన్న వాక్యం వేసి వెంటనే మాట వేయండి: 'పుల్లయ్య చెప్పులు విడిచినాడు. నువ్వు రాకుంటే ఏం పెండ్లి ఆగిపోతాదా?' ఒకే సీన్లో ముగ్గురికి మించి మాట్లాడించొద్దు, చదివేది ఒకే గొంతు. ఇద్దరైతే చాలా సుఖం, ఒకరు 'ఏమప్పా' అనే మనిషి, ఇంకొకరు 'ఏం నాయనా' అనే మనిషి అయితే పేర్లు చెప్పకపోయినా తెలిసిపోతాది.

పేర్లు అంటే గుర్తొచ్చింది, రమణ, రమణమ్మ, రామన్న ఒకే కథలో ఉంటే కథ చచ్చిపోయినట్టే. మొదటి అక్షరం వేరే, పొడవు వేరే ఉండాల. ఓబులేసు, దస్తగిరి, చిన్నక్క, ఈ మూడూ ఎంత గోలలో విన్నా కలవవు. మన జిల్లాల్లో పేర్లకి కరువు లేదు కదా, ఎందుకు అందరూ రవి, రమేష్ అని పెట్టుకుంటారో నాకు అర్థం కాదు.

టైం గురించి కూడా తెలుసుకోవాల. కథకి ఎన్ని నిమిషాలు ఇస్తారో స్టేషన్ని బట్టి, ప్రోగ్రామ్‌ని బట్టి మారుతాది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పదాల లెక్క మన భాషకి పెద్దగా పనికిరాదు, 'వస్తానన్నాడంట' అనేది మూడు మాటల సంగతి, లెక్కకి ఒకటే పదం. నిదానంగా, ఆగాల్సిన కాడ ఆగుతా చదివితే నిమిషానికి సుమారు వంద పదాలు పోతాయి అనుకుంటే పది నిమిషాల కథ తొమ్మిది వందల నుంచి వెయ్యి పదాల మధ్యలో ఉండాల. మొదట్లో చివర్లో అనౌన్సర్ కథ పేరు, మీ పేరు చెప్పే టైం కూడా అందులోనే. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి, మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే చూపిస్తాది. ఎక్కువైతే గబగబా చదివి సరిపెట్టుకోవద్దు, ఒక పాత్రనే తీసేయండి.

మొదటి వాక్యంలో ముఖ్యమైన సంగతి పెట్టొద్దు, ఇది చానామందికి వింతగా అనిపిస్తాది. అనౌన్సర్ గొంతు ఆగి మీ గొంతు మొదలైనప్పుడు చెవి కొత్త గొంతుకి అలవాటు పడటానికి కొన్ని సెకండ్లు పడతాది, ఆ లోపల చెప్పింది సగం పోతాది. అట్లని మబ్బులు, సూర్యోదయం వర్ణించమని కాదు, అవి వస్తే స్టేషన్ మార్చేస్తారు. మనిషి ఏదో చేస్తా ఉన్న చిన్న వాక్యం వేసి, కీలకం మూడో వాక్యంలో పెట్టి, పేరా లోపలే ఇంకోసారి గుర్తు చేయండి. ముగింపుకీ ఇట్లాంటిదే ఒక లెక్క ఉంది. మలుపు చివరి మాటలో దాచిపెడితే అది తలకెక్కే లోపలే అనౌన్సర్ వచ్చేస్తాడు. మలుపు అయినాక రెండు మూడు వాక్యాలు మామూలుగా నడవనిచ్చి, పొట్టి వాక్యంతో, పూర్తి క్రియతో ఆపండి. మూడు చుక్కలు పెట్టి వదిలేస్తే వినేవాళ్ళు కరెంటు పోయిందేమో అనుకుంటారు.

ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటి చాలు, అదీ మాటల్లో చెప్పి వెనక్కి పోవాల, మాటల్లో చెప్పి ముందుకి రావాల. పత్రికలో ఒక లైను ఖాళీ వదిలితే, మూడు నక్షత్రాలు పెడితే సరిపోతాది, గొంతుకి నక్షత్రాలు ల్యావు. బ్రాకెట్లు కూడా వద్దు.

ఇక మన ఆకాశవాణి స్టేషన్ల సంగతి. కడప స్టేషన్ 1963 నుంచి ఉంది, మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్. అనంతపురం, కర్నూలు ఎఫ్ఎంలు. ఈ తేడా రాసేవాళ్ళకి ఎందుకంటే, మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఉండేది 9 కిలోహెర్ట్జ్ మాత్రమే, కాబట్టి మామూలు రేడియో సెట్లో సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ పైన ఉండే శబ్దం దాదాపు వినపడదు. స లాంటి బుస అక్షరాల పదును చానా వరకు ఆ పైనే ఉంటాది. ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్జ్ దాకా వస్తాది కాబట్టి ఆ బాధ లేదు. దానికి తోడు రాత్రిపూట మీడియం వేవ్ సిగ్నల్ ఆకాశంలో చానా పైన ఉండే అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి తిరిగొచ్చి చానా దూరం పోతాది, పగలు అయనోస్ఫియర్ అడుగు భాగం ఆ సిగ్నల్‌ని మింగేస్తాది, అందుకే రాత్రి అయితే ఎక్కడెక్కడి స్టేషన్లు వచ్చి మన దాని మీద పడతాయి, గొంతు తేలుతా మునుగుతా ఉంటాది. ఇట్లాంటి చోట కథ మొత్తం ఒక్క మాట మీద ఆధారపడితే, ఆ మాట మునిగిన క్షణంలో వస్తే, కథ పోయినట్టే. అందుకే ఆధారమైన సంగతి వేరే వేరే మాటల్లో రెండు చోట్ల ఉండాల. ఇప్పుడు ఆకాశవాణి వాళ్ళ న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో శుభ్రంగా వింటారు కదా అంటారు, వింటారు, సెట్ పెట్టుకుని వినేవాళ్ళూ ఉండారు, రాసేది ఇద్దరికీ.

యాస రాయాలా వద్దా అని అడుగుతుంటారు. రాయండి, కానీ చదివేవాళ్ళు ఎవరో చూసుకుని రాయండి. మీ కథ మీరే చదివితే స్పెల్లింగ్ ఎట్లున్నా మీ నోరు సరిచేసుకుంటాది. వేరే ఊరోళ్ళు చదివితే మీరు 'పోతున్నాడు' అని రాసి వాళ్ళు 'పోతాండాడు' అని చదవాలనుకుంటే జరగదు, పలికినట్టే రాయాల. కథ చెప్పే గొంతులో కాస్త, సంభాషణలో పూర్తిగా ఉంటే సరిపోతాది, ప్రతి మాటకీ యాస తగిలిస్తే అది మన మాటలాగ కాకుండా సినిమాలో సీమ విలన్ మాటలాగ అయిపోతాది. ఆ సందర్భంలోనే ఒక మాట, సీమ కథ అంటే కొడవలి, బాంబు, సుమో అనే పిచ్చి దయచేసి వదిలేయండి, మగ్గాలు ఉండాయి, చీనీ తోటలు ఉండాయి, నాపరాళ్ళ గనులు ఉండాయి, గల్ఫ్ పోయినోళ్ళ ఇండ్లు ఉండాయి, రాసేదానికి బోలెడు.

శబ్దం విషయంలో నా అభిప్రాయం, ఎఫెక్టుల కోసం ఎదురుచూడొద్దు, కథ చదవడం అంటే నాటకం కాదు. ఒక్క శబ్దం ఎంచుకుని మాటల్లోనే వినిపించండి. నాగమునెయ్య కథలో ఐతే మగ్గం చప్పుడు. వీధిలోకి అడుగు పెట్టేసరికి ప్రతి ఇంట్లో టకటకమని మగ్గం ఆడతాంది అని మొదట ఒకసారి చెప్పి, ఆయన ఇంటి ముందుకు వచ్చేసరికి ఆ ఒక్క ఇంట్లో చప్పుడు ల్యా అంటే, ఇంకేం వివరించే పని లేదు.

రాసినాక పరీక్ష: ఇంట్లో వంట చేస్తాన్న మనిషికి చదివి వినిపించండి, పొయ్యి ఆపనీయొద్దు. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. 'ఏం జరిగింది చెప్పు' అని అడగండి. ఎవరిని ఎవరనుకున్నారో, ఎక్కడ మెలిక తప్పిపోయిందో అక్కడ తిరగరాయండి.

పంపే ముందు ఆకాశవాణి ప్రసార నియమావళి ఒకటుంది, చూసుకోండి. పార్టీ పేరు పెట్టి తిట్టడం, మతాల మీద కులాల మీద దాడి, బూతు, పరువు నష్టం, హింసకి ఉసిగొల్పడం, కోర్టు ధిక్కారం, ఇవేవీ ప్రసారం కావు. సబ్బుల బ్రాండ్ల పేర్లు కూడా వద్దు, సబ్బు అంటే చాలు. కథ ఎక్కడా అచ్చుకాని, ప్రసారం కాని సొంత రచనై ఉండాల, ఫేస్‌బుక్‌లో పెట్టేసి ఉంటే ఆ ముక్క ముందే చెప్పేయడం మంచిది. వయసులో చిన్నవాళ్ళైతే యువవాణి అని యువత కోసం నడిపే విభాగం ఉందేమో కనుక్కోండి.

రికార్డింగ్‌కి పిలుపొస్తే కాయితానికి ఒకవైపే, పెద్ద అక్షరాల్లో, లైన్లు ఎడంగా ప్రింట్ తీసుకోండి, ఏ వాక్యమూ పేజీ మారే కాడ విరగకూడదు. పిన్ను కొట్టొద్దు, తిప్పేటప్పుడు గరగరమంటాది, అయిపోయిన పేజీని చప్పుడు లేకుండా పక్కకి జరపండి. అంకెలు అక్షరాల్లో రాసుకోండి, 1996 అని ఉంటే మైకు ముందు నాలుక తడబడతాది. మైకుకి జానెడు దూరంలో, మొహం కొంచెం వాలుగా పెట్టుకుంటే ప, ఫ, భ దగ్గర ఊపిరి నేరుగా కొట్టదు. తప్పు చదివితే గాబరా పడొద్దు, ఒక క్షణం ఆగి ఆ వాక్యం మొదటి నుంచి మళ్ళీ చదవండి, మధ్యలో నుంచి అందుకుంటే ఎడిటింగ్‌లో అతకదు. బయటికొచ్చేటప్పుడు సంతకం పెట్టమని ఒప్పంద కాయితం ఇస్తారు, అదే కథని తర్వాత పుస్తకంలో వేసుకునే ఆలోచన ఉంటే హక్కుల గురించి ఏం రాసినారో చదివి సంతకం పెట్టండి.