ఒకే చీటీలు, ముగ్గురు విజేతలు: మీ కాలనీ ఎన్నికకు ఏ పద్ధతి పెట్టాలి?

వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీకి ఓటేసినవాళ్లకు ప్రాధాన్య ఓటు కొత్త కాదు. 2021లో 71 మంది నిలబడ్డారు, మార్చి 17న మొదలైన లెక్కింపు 20 దాకా నడిచింది. అంతసేపు ఏం లెక్కపెట్టారో మీ కాలనీ సంఘం ఎన్నికలోనే చేసి చూడొచ్చు. హనుమకొండలో మా కాలనీలో ప్రతిసారీ ఓట్లు చీలి, సగానికి పైగా ఇళ్లు వద్దనుకున్న మనిషే అధ్యక్షుడై కూర్చుంటుంటే చూడలేక ఇది నేర్చుకున్నాను.

ముందు చీటీ సంగతి. నోటుబుక్కు కాగితం మీద అందరి పేర్లు రాసి, పక్కన నచ్చిన వరుసలో 1, 2, 3 అని వేయమనండి. టిక్కు పెట్టొద్దని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఎమ్మెల్సీ ఎన్నికలో వేల ఓట్లు చెల్లకుండా పోయేది ఇలాంటి వాటితోనే. అక్కడ పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే అంకె వేయాలి, 1 తప్పనిసరి, అదే 1 ఇద్దరికి వేస్తే ఓటు పోయినట్టే. 2, 3 వేయడం మీ ఇష్టం.

ఇప్పుడు 35 ఇళ్లు, ముగ్గురు పోటీ అనుకుందాం: సారు, అక్క, అన్న. చీటీలు జంపఖానా మీద పోసి ఒకే వరుస ఉన్నవాటిని ఒక కట్టగా రబ్బరు బ్యాండు వేస్తే మూడు కట్టలు తేలాయి. 15 చీటీల్లో సారు, అక్క, అన్న. 12 చీటీల్లో అన్న, అక్క, సారు. 8 చీటీల్లో అక్క, అన్న, సారు.

మామూలుగా లెక్కిస్తే 15తో సారు గెలిచాడు. కానీ 20 ఇళ్లు ఆయన్ని చివర పెట్టాయి!

ఎమ్మెల్సీ పద్ధతిలో సగం దాటాలి, అంటే 18. ఎవరూ దాటలేదు కాబట్టి అందరికంటే తక్కువ వచ్చిన అక్కను తీసేసి, ఆమె 8 చీటీల్లో 2 ఎవరికుందో చూస్తాం. అన్నకే ఉంది, 20తో అన్న గెలిచాడు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో జరిగింది ఇదే. వి.వి.గిరికి తొలి ప్రాధాన్యంలో వచ్చిన ఓట్ల విలువ 4,01,515, కావాల్సింది 4,18,169. వెనకబడ్డవాళ్లను తీసేస్తూ కింది ప్రాధాన్యాలు కలిపాక 4,20,077తో నీలం సంజీవరెడ్డిని ఓడించారు.

ఇక ఇద్దరిద్దరిని పోల్చండి. అక్కా సారా అంటే 20–15 అక్క. అక్కా అన్నా అంటే 23–12 మళ్లీ అక్కే. ఎవరితో ముఖాముఖి పెట్టినా గెలిచే మనిషిని ఎమ్మెల్సీ లెక్క మొదటి రౌండులోనే ఇంటికి పంపింది, నాకు మనసొప్పనిది ఇదే. ఫ్రాన్స్‌కు చెందిన కాండోర్సే 1785లోనే ఈ ముఖాముఖి లెక్క గురించి రాశాడు.

అదే దేశానికి చెందిన బోర్డా పద్ధతిలో మొదటి స్థానానికి 2, రెండోదానికి 1 మార్కు వేస్తే అక్కకు 43, అన్నకు 32, సారుకు 30. బాగుందనిపిస్తుంది గానీ తెలివి చూపిస్తే చెడుతుంది. అన్న మనుషులు 12 మంది అక్కను ఓడిద్దామని కావాలనే ఆమెను చివరికి తోసి సారును రెండో స్థానంలో పెట్టారనుకోండి, సారుకు 42, అన్నకు 32, అక్కకు 31. తమకు అసలే పడని సారును వాళ్లే గెలిపించుకున్నారన్నమాట. గల్లీలో అందరికీ అందరి లెక్కలు తెలుస్తాయి కాబట్టి బోర్డా మనకు వద్దు.

పెద్దవాళ్లకు అంకెలు కష్టమైతే, నచ్చిన వాళ్లందరికీ టిక్కు పెట్టమని ఎక్కువ టిక్కులు వచ్చినవాళ్లను గెలిపించండి. అయిదు నిమిషాల పని, ఓట్లు చీలవు. అయితే ఎవరు ఎక్కువ ఇష్టమో అందులో కనిపించదు.

ముగ్గురు నలుగురు పోటీలో ఉంటే నేను ముఖాముఖి లెక్కకే ఓటేస్తాను. ఒక్కోసారి సారును అక్క, అక్కను అన్న, అన్నను సారు ఓడించి చక్రంలా తిరుగుతుంది. అప్పుడు ఎమ్మెల్సీ పద్ధతిలో తేలుస్తామని, అందులోనూ సమానమైతే చీటీ తీస్తామని, నామినేషన్ల కంటే ముందే మినిట్స్ పుస్తకంలో రాసి అందరితో సంతకాలు పెట్టించండి.