వర్చువల్ మెషీన్‌లో ఫ్రీబీఎస్‌డీ సోర్స్ బిల్డ్: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

యూనిక్స్ తరహా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఫ్రీబీఎస్‌డీలో కర్నెల్ (సిస్టమ్ గుండె వంటి భాగం), లైబ్రరీలు, కంపైలర్, రోజువారీ కమాండ్లు అన్నీ ఒకే సోర్స్ ట్రీలో ఉంటాయి. మేక్ బిల్డ్‌వరల్డ్ (కర్నెల్ కాక మిగతా సిస్టమ్ అంతా, అంటే "వరల్డ్"), మేక్ బిల్డ్‌కర్నెల్ అనే రెండు ఆదేశాలతో మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ తయారవుతుంది. స్టేబుల్ 14 వంటి స్థిరమైన శాఖను తీసుకుని, కోడ్‌లో ఏ మార్పూ చేయకుండా బిల్డ్ మొదలుపెట్టినప్పుడు అది మధ్యలో ఆగిపోయిందంటే, తప్పు కోడ్‌లో ఉండటం అరుదు. వర్చువల్ మెషీన్‌కు మనం కేటాయించిన మెమరీనో, డిస్క్‌నో, దాని గడియారాన్నో ముందుగా అనుమానించాలి. మెయిన్ శాఖ సంగతి వేరు. అది నిత్యం మారుతూ ఉండే శాఖ కాబట్టి అప్పుడప్పుడు నిజంగానే విరిగి ఉంటుంది. మొదటిసారి ప్రయత్నించేవారు దాని జోలికి పోకపోవడం మేలు.

చివర్లో "ఎర్రర్ కోడ్ 2, స్టాప్" అని మాత్రమే కనిపిస్తోంది

ఇది లోపం కాదు, లోపం జరిగిందన్న కబురు మాత్రమే. మైనస్ జె ఆప్షన్‌తో అనేక పనులు సమాంతరంగా నడుస్తున్నప్పుడు ఒక పని విఫలమైనా, అప్పటికే మొదలైన మిగతా పనులు తమ సందేశాలను ముద్రిస్తూనే ఉంటాయి. అందువల్ల అసలు కారణం తెర చివరన కాక వందలాది వరుసల పైన ఉండిపోతుంది. బిల్డ్ అవుట్‌పుట్ మొత్తాన్ని టీ కమాండ్ ద్వారా ఒక లాగ్ ఫైల్‌లోకి పంపి, ఆ ఫైల్‌లో "ఎర్రర్" అనే మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతకాలి. అప్పటికీ స్పష్టత రాకపోతే మైనస్ జె లేకుండా అదే ఆదేశాన్ని మళ్ళీ నడిపితే, ఒక్కో పనీ వరుసగా జరుగుతూ సరిగ్గా తప్పు దగ్గరే ఆగుతుంది. కింద చెప్పే లక్షణాలన్నీ ఆ మొదటి ఎర్రర్‌కు సంబంధించినవే.

"బిల్డ్‌వరల్డ్‌ను ఎలా తయారుచేయాలో తెలియదు" అని మేక్ వెంటనే ఆగిపోతోంది

ఇన్‌స్టలేషన్ సమయంలో ఎంచుకుంటే తప్ప సోర్స్ కోడ్ సిస్టమ్‌లోకి రాదు. సోర్స్ ఉండవలసిన ఎస్ఆర్‌సి డైరెక్టరీ ఖాళీగా ఉందేమో చూసి, గిట్ ద్వారా కావలసిన శాఖను క్లోన్ చేయాలి. పూర్తి చరిత్ర అవసరం లేకపోతే డెప్త్ 1 ఆప్షన్ ఇస్తే డిస్క్, డేటా రెండూ ఆదా అవుతాయి. సోర్స్ అక్కడే ఉన్నా మీరు వేరే డైరెక్టరీలో నిలబడి ఆదేశం ఇచ్చినా ఇదే సందేశం వస్తుంది.

కంపైలర్ "కిల్డ్" అని ఆగిపోతోంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. బిల్డ్ లాగ్‌లో సిగ్నల్ 9 కనిపిస్తుంది. కర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్ కమాండ్ నడిపి చూస్తే, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ప్రాసెస్ పేరు పక్కన "వాజ్ కిల్డ్: ఫెయిల్డ్ టు రీక్లెయిమ్ మెమరీ" అన్న వరుస ఉంటుంది. అంటే కంపైలర్ తనంతట తాను పడిపోలేదు. మెమరీ చాలక కర్నెలే దాన్ని చంపేసింది.

2014లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10 నుంచి ప్రధాన ప్లాట్‌ఫారాలలో క్లాంగ్ అప్రమేయ కంపైలర్ అయింది. బిల్డ్‌వరల్డ్‌కు పట్టే సమయంలోనూ, మెమరీలోనూ పెద్ద వాటా ఆ క్లాంగ్‌నూ, దానికి ఆధారమైన ఎల్ఎల్‌వీఎమ్‌నూ కంపైల్ చేయడానికే ఖర్చవుతుంది. వర్చువల్ మెషీన్‌కు రెండు గిగాబైట్ల మెమరీ ఇచ్చి, హోస్ట్‌లో (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్‌లో) ఎనిమిది కోర్లు ఉన్నాయి కదా అని మైనస్ జె 8 ఇస్తే, చిన్న చిన్న సీ ఫైళ్ళ వరకు అంతా సజావుగా సాగి, ఎల్ఎల్‌వీఎమ్ దగ్గరకు రాగానే ఎనిమిది భారీ ప్రాసెస్‌లు ఒకేసారి మెమరీ కోసం పోటీపడతాయి. బిల్డ్ మొదట్లో బాగానే నడిచి గంట తరువాత పడిపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం మొదట జె విలువలో వెతకాలి. ఒక్కో పనికి కనీసం ఒక గిగాబైటు అని లెక్క వేసుకుని, గెస్ట్‌కు (వర్చువల్ మెషీన్‌లోని సిస్టమ్‌కు) నాలుగు గిగాబైట్లు ఉంటే జె 3 లేదా 4 దగ్గర ఆగడం సురక్షితమైన పద్ధతి. ఆపైన స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం, పెంచాలి. ఫ్రీబీఎస్‌డీలోని రెండు ఫైల్ సిస్టమ్‌లలో యూఎఫ్ఎస్ మీద స్వాప్ ఫైల్ పెట్టుకోవచ్చు గానీ, జెడ్ఎఫ్ఎస్ వాడేవారు ఫైల్ బదులు వర్చువల్ మెషీన్‌కు మరో చిన్న డిస్క్ తగిలించి దాన్నే స్వాప్‌గా వాడటం మంచిది. స్వాప్ ఇంకా ఖాళీగా ఉన్నా ప్రాసెస్‌లు చనిపోతున్నాయంటే, డిస్క్ నెమ్మదిగా ఉండటంతో కర్నెల్ ఓపిక నశిస్తోందని అర్థం. కర్నెల్ సెట్టింగులను మార్చే సిస్‌కంట్రోల్‌లో వీఎమ్ పేజ్‌అవుట్ ఓఓఎమ్ సీక్వెన్స్ విలువ అప్రమేయంగా 12 ఉంటుంది. దాన్ని 120కి పెంచితే ఆ ఓపిక పెరుగుతుంది.

బిల్డ్ బరువునే తగ్గించే మార్గం కూడా ఉంది. బిల్డ్ ఎంపికలు రాసుకునే ఎస్ఆర్‌సి డాట్ కాన్ఫ్ ఫైల్‌లో వితౌట్ ఎల్ఎల్‌వీఎమ్ టార్గెట్ ఆల్ అని రాస్తే ఇతర ప్రాసెసర్ల కోసం కోడ్ తయారుచేసే భాగాలు వదిలివేయబడతాయి. డీబగ్గర్‌ను వదిలేసే వితౌట్ ఎల్ఎల్‌డీబీ, పరీక్షలను వదిలేసే వితౌట్ టెస్ట్స్ కూడా సాధారణ వాడకందారుకు నష్టం కలిగించవు. వితౌట్ క్లాంగ్ మాత్రం రాయకండి. కంపైలర్ లేని సిస్టమ్ తన తరువాతి రూపాన్ని తాను బిల్డ్ చేసుకోలేదు.

కంపైలర్ సిగ్నల్ 11తో (మెమరీని తప్పుగా తాకిందన్న సూచనతో) పడిపోతోంది

ఇక్కడ గమనించవలసింది ఎక్కడ పడిపోతోంది అన్నది. మళ్ళీ నడిపిన ప్రతిసారీ అదే ఫైల్ దగ్గర ఆగితే అది సాఫ్ట్‌వేర్ లోపమే. సోర్స్‌ను తాజా చేసి, బిల్డ్ ఫలితాలు చేరే ఓబీజే డైరెక్టరీని తుడిచి, మళ్ళీ ప్రయత్నించాలి. ప్రతిసారీ వేరొక చోట ఆగితే హోస్ట్ మెషీన్ హార్డ్‌వేర్‌ను, ముఖ్యంగా మెమరీ చిప్‌లను, వేడిని, ఓవర్‌క్లాకింగ్‌ను అనుమానించాలి. పెద్ద బిల్డ్ అన్నది గంటల తరబడి సాగే మెమరీ పరీక్ష. రోజువారీ వాడకంలో బయటపడని లోపం ఇందులో బయటపడుతుంది.

డిస్క్ నిండిపోయింది

ఫ్రీబీఎస్‌డీ ప్రాజెక్టు విడుదల చేసే సిద్ధ వర్చువల్ మెషీన్ ఇమేజ్‌ను నేరుగా వాడేవారికి ఇది దాదాపు తప్పదు, ఎందుకంటే ఆ ఇమేజ్‌లో ఖాళీ స్థలం చాలా తక్కువ. సోర్స్, ఓబీజే కలిసి అనేక గిగాబైట్లు ఆక్రమిస్తాయి కాబట్టి 40 గిగాబైట్ల డిస్క్ పెట్టుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. హోస్ట్‌లో ఇమేజ్ పరిమాణం పెంచినంత మాత్రాన గెస్ట్‌లో స్థలం పెరగదు. ముందు డిస్క్ పార్టిషన్లను చూపే జీపార్ట్ షో ఇచ్చి చూడాలి. పార్టిషన్ టేబుల్ పక్కన "కరప్ట్" అని ఉంటే భయపడనవసరం లేదు. డిస్క్ చివర ఉండవలసిన బ్యాకప్ టేబుల్ ఇప్పుడు మధ్యలో పడిందని మాత్రమే దాని భావం. జీపార్ట్ రికవర్, జీపార్ట్ రీసైజ్, ఆపైన యూఎఫ్ఎస్ అయితే గ్రో ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ అయితే జెడ్‌పూల్ ఆన్‌లైన్ మైనస్ ఈ, ఇదే క్రమం.

ఇన్‌స్టాల్‌వరల్డ్ "సీసీ: నాట్ ఫౌండ్" లేదా "టచ్: నాట్ ఫౌండ్" అంటోంది

ఈ సందేశం చూసి కంపైలర్ పోయిందని కంగారుపడి, దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటారు. కంపైలర్ ఎక్కడికీ పోలేదు. తయారైన వరల్డ్‌ను సిస్టమ్‌లో పెట్టే ఆదేశమైన ఇన్‌స్టాల్‌వరల్డ్ తనకు అవసరమైన కొద్దిపాటి టూల్స్‌ను ఒక తాత్కాలిక డైరెక్టరీలోకి కాపీ చేసుకుని వాటితోనే పనిచేస్తుంది. ఆ జాబితాలో కంపైలర్ ఉండదు, ఎందుకంటే ఆ దశలో కంపైల్ చేయవలసింది ఏమీ ఉండకూడదు. అయినా మేక్ కంపైలర్‌ను పిలిచిందంటే, ఫైళ్ళ సమయాలను పోల్చి చూసి బిల్డ్ పాతబడిందని అది భావించిందన్నమాట. అంటే తప్పు గడియారానిది.

వర్చువల్ మెషీన్‌లో గడియారం తప్పడానికి రెండు దారులున్నాయి. బిల్డ్ మధ్యలో మెషీన్‌ను పాజ్ చేసినా, ల్యాప్‌టాప్ మూత వేసినా గెస్ట్ సమయం వెనుకబడవచ్చు. తేడా 1000 సెకన్లు దాటితే, నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీడీ దాన్ని సరిదిద్దకుండా, సిస్టమ్ లాగ్‌లో ఒక వరుస రాసి తాను ఆగిపోతుంది. సిస్టమ్ సెట్టింగుల ఫైల్ ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఎన్‌టీపీడీ సింక్ ఆన్ స్టార్ట్‌ను యెస్ చేసి సర్వీసును రీస్టార్ట్ చేస్తే సమయం ఒక్కసారిగా సర్దుకుంటుంది.

రెండవది మన దేశంలో సరిగ్గా అయిదున్నర గంటల తేడాగా కనబడుతుంది. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ సెట్టింగులలో హార్డ్‌వేర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉండాలన్న గడిని టిక్ చేయకపోతే గెస్ట్‌కు స్థానిక సమయం అందుతుంది. ఫ్రీబీఎస్‌డీ దాన్నే యూటీసీ అనుకుంటే గడియారం 5 గంటల 30 నిమిషాలు ముందుకు పోతుంది. ఇన్‌స్టలేషన్‌లో స్థానిక సమయం అని సరిగ్గానే చెప్పినా, మరమ్మతులకు వాడే సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్ళినప్పుడు గడియారాన్ని సర్దే అడ్జ్‌కెర్న్‌టీజెడ్ మైనస్ ఐ కమాండ్‌ను మనమే ఇవ్వాలి. లేదంటే ఆ మోడ్‌లో తాకిన ప్రతి ఫైల్‌కూ రాబోయే కాలపు ముద్ర పడి, తరువాతి బిల్డ్‌ను గందరగోళం చేస్తుంది. శాశ్వత పరిష్కారంగా వర్చువల్‌బాక్స్‌లో యూటీసీ గడిని టిక్ చేసి, గెస్ట్‌లోని ఈటీసీ డైరెక్టరీలో వాల్ సీమాస్ క్లాక్ అనే ఖాళీ ఫైల్ ఉంటే తొలగించాలి. గడియారం సరిచేశాక పాత ఓబీజేను నమ్మకుండా, దాన్ని పూర్తిగా తుడిచి మళ్ళీ బిల్డ్ చేయడమే క్షేమం. అనుమానాస్పదమైన సమయ ముద్రలను ఒక్కొక్కటిగా సరిదిద్దబోతే ఆదా అయ్యే సమయం కంటే పోయేదే ఎక్కువ.

బిల్డ్ రోజంతా నడుస్తోంది

వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్‌లోని హైపర్-వీ ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని ముందే పట్టుకుందని గుర్తు. లినక్స్‌లో క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌తో వర్చువల్ మెషీన్ నడిపేవారు కేవీఎమ్ త్వరణం ఇచ్చారో లేదో, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఆపిల్ సిలికాన్ మీద ఏఎమ్‌డీ64 ఇమేజ్ నడిపితే ప్రతి ఆదేశమూ అనువాదమై నడుస్తుంది కాబట్టి ఆర్మ్64 ఇమేజ్ తీసుకోవాలి. రెండోసారి నుంచి బిల్డ్ వేగం పెరగాలంటే ఫైల్‌మాన్ మాడ్యూల్ లోడ్ చేసి, ఎస్ఆర్‌సి-ఎన్వ్ డాట్ కాన్ఫ్‌లో విత్ మెటా మోడ్ రాయండి. అప్పుడు మారిన భాగాలే మళ్ళీ బిల్డ్ అవుతాయి.

ఇన్‌స్టాల్ దశలో, ఆ తరువాత వచ్చే సమస్యలు

"రిక్వైర్డ్ యూజర్ ఈజ్ మిస్సింగ్" తరహా సందేశం వస్తే, కొత్త వెర్షన్‌కు కావలసిన యూజరో గ్రూపో పాస్‌వర్డ్ ఫైళ్ళలో లేదని అర్థం. ఈటీసీ డైరెక్టరీలోని ఫైళ్ళను తాజా చేసే ఈటీసీఅప్‌డేట్ మైనస్ పీ ముందు నడిపి, ఆ తరువాత ఇన్‌స్టాల్‌వరల్డ్ ఇవ్వాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక మామూలు కమాండ్లు కూడా "బ్యాడ్ సిస్టమ్ కాల్" అంటూ చనిపోతుంటే, పాత కర్నెల్ మీద కొత్త వరల్డ్ వేశారన్నమాట. కొత్త కమాండ్లు అడిగే సిస్టమ్ కాల్స్ పాత కర్నెల్‌కు తెలియవు. క్రమం ఎప్పుడూ ఇన్‌స్టాల్‌కర్నెల్, రీబూట్, ఆ తరువాతే ఇన్‌స్టాల్‌వరల్డ్. కొత్త కర్నెల్ అప్పటికే డిస్క్‌లో ఉంటే రీబూట్ చేస్తే చాలు. లేకపోతే ముందుగా తీసుకున్న స్నాప్‌షాట్‌కు (వర్చువల్ మెషీన్ అప్పటి స్థితికి తీసిన నకలుకు) వెనుదిరగడం తప్ప సులువైన దారి లేదు. వర్చువల్ మెషీన్‌లో బిల్డ్ చేయడంలోని అసలు సుఖం స్నాప్‌షాటే కాబట్టి, ఇన్‌స్టాల్‌కర్నెల్‌కు ముందు దాన్ని తీసుకోకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

కొత్త కర్నెల్ బూట్ దశలోనే పడిపోతే, కర్నెల్‌ను లోడ్ చేసే లోడర్ మెనూలో పాత కర్నెల్ అయిన కర్నెల్ డాట్ ఓల్డ్‌ను ఎంచుకుని లోపలికి రావచ్చు. వర్చువల్‌బాక్స్ వారి గెస్ట్ అడిషన్స్ వంటి బయటి మాడ్యూళ్ళు పాత కర్నెల్‌కు తయారైనవి కావడం ఇందుకు తరచుగా కారణమవుతుంది. వాటిని కొత్త సోర్స్‌తో మళ్ళీ బిల్డ్ చేయాలి. జెడ్ఎఫ్ఎస్ వాడేవారు మరొకటి చూసుకోవాలి. ఇన్‌స్టాల్‌వరల్డ్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని లోడర్‌ను దానంతట అది మార్చదు. పాత లోడర్ అలాగే ఉండగా, జెడ్ఎఫ్ఎస్ పూల్‌కు (దాని డిస్క్ సముదాయానికి) కొత్త సౌకర్యాలు చేర్చే జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ నడిపితే, తరువాతి బూట్‌లో లోడర్ ఆ పూల్‌ను చదవలేకపోవచ్చు. కనుక బూట్ డైరెక్టరీలోని కొత్త లోడర్ ఫైల్‌ను ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి కాపీ చేసి, ఒకసారి రీబూట్ చేసి చూసుకున్నాకే పూల్‌ను అప్‌గ్రేడ్ చేయండి.