తీసిన రసం నిలవడం లేదా? ముందు లక్షణం చూడండి

అరగంటకే రంగు మారింది. ఆపిల్ రసం టీ రంగుకు తిరిగితే పాడైపోయిందని కంగారుపడి పారబోయకండి. కాయను కోసి నలిపినప్పుడు అందులోని ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. గ్లాసును పక్క నుంచి చూడండి: పైపొర ముదిరి ఉంటుంది, అడుగు ఇంకా లేతగానే ఉంటుంది. దోషం గాలిదని అక్కడే తెలిసిపోతుంది. తీసిన వెంటనే గ్లాసుకు ఒక చెంచా నిమ్మరసం కలపండి. దాని పులుపు ఎంజైమును మందగింపజేస్తుంది, విటమిన్ సి రంగు మారకుండా కాస్త ఆపుతుంది. తర్వాత చిన్న గాజు సీసాల్లో మూతి దాకా నింపి బిగించండి. సగం నింపిన సీసాలో మిగతా సగం గాలే కదా. మిక్సీ నురగలోనూ గాలే, దాన్ని తీసేయండి.

ఆకుల రసం నిమ్మ వేశాక ఆకుపచ్చ పోయి మట్టి రంగుకొచ్చింది. పులుపు తగిలితే పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోతుంది, దాంతో రంగు చెడుతుంది. ఆకుల రసంలో నిమ్మ తాగే ముందే పిండుకోండి. అసలు ఈ రసాన్ని ఏ పూటకాపూట తీసుకోవడమే మేలు.

నీళ్లు పైకి, గుజ్జు కిందికి. ఊపి తాగండి, అంతే.

మూత తీయగానే బుస్సుమంది, పుల్లటి వాసన. ఈస్టు చక్కెరను తిని గ్యాస్ వదిలింది. రుచి కూడా చూడొద్దు, పారబోయండి. ఈసారి కాయలతో పాటు జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పిప్పిని కూడా కడగండి. నాకు తెలిసి ఎక్కువమంది వదిలేసేది అదే. సీసాను మరిగించి ఆరబెట్టండి. ఫ్రిజ్ 4 డిగ్రీలు దాటకూడదు. తలుపు అరలో పెట్టకండి, తెరిచిన ప్రతిసారీ వేడి తగిలేది అక్కడే. ఇన్ని చేసినా 2, 3 రోజులకు మించి ఆశ పెట్టుకోవద్దు. చిటికెడు ఉప్పు, చెంచా తేనె రుచికే తప్ప నిల్వకు పనికిరావు.

వాసన బాగానే ఉంది, కానీ బయటే ఉండిపోయింది. క్యారెట్ లాంటి పులుపు లేని రసాలతోనే అసలు టెన్షన్. వాటిలో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారైనా ముక్కుకు తెలియకపోవచ్చు. 2 గంటలు దాటితే పారబోయండి.

వారం పైనే కావాలి. ఐసు ట్రేలో పోసి మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టించండి, కావలసినన్ని ముక్కలు ఫ్రిజ్‌లోనే కరిగించుకోండి. ఫ్రీజర్‌లో సీసానే పెట్టేట్టయితే మాత్రం మూతి దాకా నింపకండి, రసం గడ్డకట్టి ఉబ్బితే గాజు పగులుతుంది.